నల్లపట్టీల కథ

"ఒరేయ్, శశిరేఖకి గవదబిళ్ళలు లేచాయేంట్రా?"

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు మా అమ్మమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లోకి కొత్తగా పెద్ద టీవీ వచ్చింది. ఏదో చానల్లో 'మాయాబజార్' వేస్తున్నారు. అమ్మమ్మ పన్నెండేళ్ళ వయసులో ఆ సినిమాని హాల్లో చూసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. సావిత్రి ముఖం ఆవిడకి ఇంట్లో మనిషి ముఖం కింద లెక్క. నేను తలెత్తి చూస్తే నిజమే, సావిత్రి బుగ్గలు రెండు పక్కలకీ పొంగి ఉన్నాయి. ఎస్వీ రంగారావు భుజాలు కూడా మా సోఫా అంత ఉన్నాయి గానీ, ఆయన ఘటోత్కచుడు కాబట్టి చెల్లిపోయింది.

రిమోట్ తీసుకుని, పిక్చర్ సైజు దగ్గరికి వెళ్ళి, 4:3 అని ఉన్నదాన్ని నొక్కాను. బుగ్గలు దిగాయి. "ఆఁ, ఇప్పుడు పిల్ల పిల్లలా ఉంది" అంది అమ్మమ్మ.

అప్పుడే భోంచేసి వచ్చిన నాన్నకి మాత్రం సావిత్రి కనబడలేదు, నల్లపట్టీలు కనబడ్డాయి. "ఆ రెండు పక్కలా నలుపేంటి? ఇంత డబ్బు పోసి పెద్ద టీవీ కొన్నది పట్టీలు చూడ్డానికా?" అంటూ రిమోట్ అందుకుని 'జూమ్' నొక్కాడు. పట్టీలు పోయాయి. బుగ్గలు కూడా మళ్ళీ ఉబ్బలేదు. కాకపోతే ఘటోత్కచుడి కిరీటం పైన ఎగిరిపోయింది. కింద పళ్ళేలు మాయమయ్యాయి.

"నెత్తి నరికేశారు అల్లుడుగారూ" అంది అమ్మమ్మ.

సాగదీయడం, పట్టీలు వదలడం, కత్తిరించడం. పది నిమిషాల్లో మా హాల్లో మూడూ అయిపోయాయి. టీవీలో ఏదో లోపం ఉందని, షాపువాడికి ఫోన్ చెయ్యమని నాన్న. టీవీ బాగానే ఉంది. సినిమా ఫ్రేము ఏ ఆకారంలో ఉండాలన్న పాత తగాదా ఒకటి వచ్చి మా హాల్లో కూర్చుంది, అంతే.

*

ఆ తగాదా మొదట్లో లేదు. 1890ల మొదట్లో అమెరికాలో ఎడిసన్ ప్రయోగశాలలో డిక్సన్ అనే ఆయన కదిలే బొమ్మల కోసం ఈస్ట్‌మన్ కంపెనీ ఫిల్మ్ తెప్పించుకున్నాడు. 70 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫిల్మ్‌ని నిలువుగా రెండుగా చీల్చి 35 మిల్లీమీటర్లు చేశాడు. అంచుల్లో చిల్లులు పొడిపించి, నాలుగు చిల్లులకి ఒక బొమ్మ చొప్పున లెక్క పెట్టుకున్నాడు. అలా చేస్తే వచ్చిన బొమ్మ నాలుగు పాళ్ళు వెడల్పు, మూడు పాళ్ళు ఎత్తు. అదే 4:3. ఇది ఏ శాస్త్రం చెప్పిన అందమూ కాదు, చేతిలో ఉన్న సరుకుతో కుదిరిన కొలత. కానీ ప్రపంచమంతా అదే పట్టుకుంది.

మాటలు వచ్చాక చిన్న ఇబ్బంది. శబ్దం కోసం ఫిల్మ్ పక్కన ఒక సన్నటి చార కేటాయించాల్సి వచ్చింది. దాంతో బొమ్మ దాదాపు చతురస్రం అయిపోయింది. 1932లో హాలీవుడ్ అకాడమీ ఎత్తు కూడా కాస్త తగ్గించి, 1.37 అనే నిష్పత్తిని ఖాయం చేసింది. అంటే మళ్ళీ పాత 4:3కి కూతవేటు దూరం. మన 'పాతాళభైరవి' (1951), 'దేవదాసు' (1953), 'మాయాబజార్' (1957) అన్నీ ఆ కాలపు పిల్లలే. మార్కస్ బార్‌ట్లీ కెమెరా వెనక నిలబడి శశిరేఖకి తల మీద ఎంత చోటు వదలాలి, ఘటోత్కచుడి ముందు ఎన్ని పళ్ళేలు పట్టాలి అని చూసుకున్నది ఆ డబ్బా లోంచే.

టీవీ పుట్టినప్పుడు ఉన్న సినిమాని చూసే తన ఆకారం పెట్టుకుంది. 4:3. ఆ రోజుల్లో సినిమాని తీసుకొచ్చి టీవీలో పెడితే అచ్చుగుద్దినట్టు సరిపోయేది. గొడవ పెట్టుకున్నది సినిమాయే.

*

1950ల మొదట్లో అమెరికాలో జనం ఇళ్ళల్లో టీవీ ముందు కూర్చుండిపోయారు. హాళ్ళు ఖాళీ అవుతున్నాయి. ఇంట్లో దొరకనిది ఏదో ఒకటి చూపిస్తే తప్ప మనిషి గడప దాటి రాడని స్టూడియోలకి అర్థమైంది. 1952లో మూడు ప్రొజెక్టర్లతో వంపు తిరిగిన తెర మీద 'సినెరమా' వచ్చింది. అది ఖరీదైన వ్యవహారం. 1953లో ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్ వాళ్ళు 'ద రోబ్' సినిమాతో చవకైన ఉపాయం ఒకటి తెచ్చారు. అదే సినిమాస్కోప్.

ఉపాయం చాలా సులువు. ఫ్రెంచి ప్రొఫెసర్ ఆన్రీ క్రెతియెన్ 1920లలోనే ఒక కటకం తయారుచేసి ఉంచాడు. అది ఎదురుగా ఉన్న దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కేసి, మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద ఇరికిస్తుంది. ఫిల్మ్‌ని చేత్తో పట్టుకుని చూస్తే మనుషులందరూ వెదురుబొంగుల్లా సన్నగా, పొడుగ్గా ఉంటారు. హాల్లో ప్రొజెక్టర్ ముందు ఇంకో కటకం వాళ్ళని మళ్ళీ రెట్టింపు వెడల్పుకి సాగదీస్తుంది. మొదట్లో ఎత్తుకి రెండున్నర రెట్లు వెడల్పుండేది, తర్వాత 2.35 దగ్గర స్థిరపడింది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ వెడల్పు తెర టీవీలో పట్టకూడదనే పుట్టింది. పట్టకపోవడమే దాని వ్యాపారం.

మన దేశంలో గురుదత్ 'కాగజ్ కే ఫూల్' (1959) మొదటి స్కోప్ సినిమా. దక్షిణాదికి రావడానికి ఇంకా పద్నాలుగేళ్ళు పట్టింది. తమిళంలో 'రాజరాజ చోళన్' (1973), ఆ మరుసటి ఏడాదే తెలుగులో కృష్ణ 'అల్లూరి సీతారామరాజు' (1974). వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా. మన్యం కొండలూ, తుపాకులూ, విల్లంబుల జనం, అంత మందీ ఒకే తెర మీద అడ్డంగా పరుచుకుని కనబడటం తెలుగు ప్రేక్షకుడికి అదే మొదటిసారి. 1986లో కృష్ణే 'సింహాసనం'తో 70 మిల్లీమీటర్లు కూడా తెచ్చాడు. ఆ తర్వాత స్కోప్ అనేది పోస్టర్ మీద వేసుకునే గొప్ప కాకుండా, మన సినిమాల మామూలు ఆకారం అయిపోయింది.

*

సరిగ్గా అదే కాలంలో తెలుగు ఊళ్ళకి టీవీ వచ్చింది. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకి కార్యక్రమాలు ప్రసారం చేసిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1982లో రంగులొచ్చాయి. టీవీ పెట్టెలు మాత్రం అన్నీ 4:3. అంటే హాల్లో సినిమా వెడల్పవుతున్న సమయానికి మన ఇళ్ళల్లోకి పాత డబ్బా ఆకారం వచ్చి కూర్చుంది.

ఆ డబ్బాలో స్కోప్ సినిమా పట్టించాలంటే దారులు రెండే. మొత్తం బొమ్మ చూపిస్తే పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి. తెరలో 43 శాతం నలుపే. మన ప్రసారంలో బొమ్మకి దక్కే గీతలు 576. స్కోప్ బొమ్మకి అందులో 327 మాత్రమే మిగులుతాయి. ఇరవై అంగుళాల పెట్టెలో మనుషులు చీమల్లా ఉంటారు. రెండో దారి, ఎత్తు మొత్తం తెరకి నింపేసి, పక్కల్ని కోసేయడం. అప్పుడు సినిమాలో 43 శాతం గాల్లో కలిసిపోతుంది. ఎటువైపు ఉంచాలి, ఎటువైపు కొయ్యాలి అన్నది ఫిల్మ్‌ని వీడియోగా మార్చే గదిలో కూర్చున్న ఒక ఆపరేటర్ నిర్ణయం. ఇద్దరు మనుషులు తెరకి చెరో చివరా నిలబడి మాట్లాడుకుంటే, ఆయన ఒకసారి ఇతన్ని, ఒకసారి అతన్ని చూపిస్తాడు. దర్శకుడు తీసిన ఒక్క షాటు రెండు ముక్కలవుతుంది. మధ్యలో ఉన్న ఖాళీ, దాని కోసమే ఆ షాట్ అలా తీసి ఉంటే, దాన్ని ఎవరూ చూడరు.

చిన్నప్పుడు నేను చూసిన సినిమాలన్నీ ఇవే. టైటిల్స్ పడుతున్నంతసేపూ పేర్లు కొయ్యకూడదు కాబట్టి, నొక్కేసిన బొమ్మని అలాగే చూపించేవాళ్ళు. హీరో సన్నగా, తాటిచెట్టంత పొడుగ్గా నడిచొచ్చేవాడు. దర్శకుడి పేరు పడగానే ఒక్క కుదుపుతో మనిషి మామూలు ఒడ్డూ పొడుగుకి వచ్చేసేవాడు. మనిషి దారికొచ్చాడని సంతోషించేవాళ్ళమే గానీ, ఆ కుదుపులో సగం సినిమా తెగిపోయిందని మా ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

కొందరికి వచ్చింది. 'మన్‌హాటన్' వీడియో కేసెట్‌ 1980లలో పట్టీలతోనే రావాలని వుడీ ఆలెన్ పట్టుబట్టి సాధించుకున్నాడు. తన 'త్రీ డేస్ ఆఫ్ ద కాండోర్' సినిమాని పక్కలు కోసి వేశారని సిడ్నీ పొలాక్ డెన్మార్క్ టీవీ మీద దావా వేశాడు. అలా కొయ్యడం కృతిని గాయపరచడమేనని 1997లో అక్కడి కోర్టు ఒప్పుకుంది. హక్కుల మెలికల వల్ల కేసు మాత్రం ఆయన ఓడిపోయాడు.

*

1980లలో హై డెఫినిషన్ టీవీ గురించి ఆలోచిస్తున్నప్పుడు, కొత్త పెట్టె ఏ ఆకారంలో ఉండాలన్న ప్రశ్న అమెరికా ఇంజినీర్ల సంఘం ముందుకొచ్చింది. కర్న్స్ పవర్స్ అనే ఇంజినీరు వాడుకలో ఉన్న ఆకారాలన్నిటికీ ఒకే విస్తీర్ణం ఉండేలా దీర్ఘచతురస్రాలు తయారుచేసి, మధ్యబిందువులు కలిసేలా ఒకదాని మీద ఒకటి పేర్చాడు. అన్నిటినీ తనలో ఇముడ్చుకునే బయటి చట్రం ఒకటి, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లోపలి చట్రం ఒకటి వచ్చాయి. రెండింటి నిష్పత్తీ ఒకటే, దాదాపు 1.78. అదే 16:9. ఇప్పుడు మీ గోడ మీద ఉన్నది.

ఈ లెక్కలో ఉన్న రాజీ చూడండి. పాత 4:3 సినిమాని 16:9 తెర మీద ఉన్నదున్నట్టు చూపిస్తే పక్కల్లో 25 శాతం నలుపు. స్కోప్ సినిమాని చూపిస్తే పైనా కిందా కలిపి 24 శాతం నలుపు. 'మాయాబజార్'కీ, 'అల్లూరి సీతారామరాజు'కీ చెరో పావు వంతు పట్టీ. పెద్దమనుషుల పంచాయితీలో ఇద్దరికీ సమానంగా నష్టం పంచినట్టు. అంటే నల్లపట్టీ మీ టీవీ లోపం కాదు. ఆ టీవీ ఆకారం లెక్కగట్టినప్పుడే పట్టీలకి చోటు కూడా లెక్కగట్టారు.

*

మరి శశిరేఖ బుగ్గలెందుకు ఉబ్బాయి?

పాత తరహా డిజిటల్ ప్రసారంలో మన దగ్గర ఒక ఫ్రేము అంటే 720 అడ్డం, 576 నిలువు చుక్కలు. 4:3 కార్యక్రమానికీ అవే చుక్కలు, 16:9కీ అవే చుక్కలు. చుక్కల్ని లెక్కపెట్టి బొమ్మ ఆకారం చెప్పడం ఎవరివల్లా కాదు. అందుకే ప్రసారంతో పాటు 'ఇది ఫలానా ఆకారం' అని చెప్పే చిన్న గుర్తు కూడా ప్రయాణం చేస్తుంది. చానల్ నుంచి కేబుల్‌కి, అక్కడినుంచి సెట్ టాప్ బాక్స్‌కి, బాక్స్ నుంచి టీవీకి ఆ గుర్తు అందాలి. దారిలో ఎక్కడో ఒకచోట అది పోతుంది, లేదా ఎవరో తప్పు గుర్తు పెడతారు. అప్పుడు టీవీ తనకి తోచింది చేస్తుంది. తనకి తోచేది ఎప్పుడూ ఒకటే, తెర నిండా పరచడం. 4:3 బొమ్మని 16:9కి పరిస్తే ప్రతి ముఖమూ సరిగ్గా మూడో వంతు వెడల్పెక్కుతుంది.

తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు, గుండ్రటి వస్తువు ఒకటి కావాలి. సినిమాలో రథచక్రమో, పున్నమి చంద్రుడో వచ్చేదాకా ఆగండి. అది కోడిగుడ్డులా ఉంటే బొమ్మ సాగినట్టే. తర్వాత చానల్ లోగో చూడండి. లోగోని ప్రసారంలో చివర్న అతికిస్తారు. లోగో కూడా సాగి ఉంటే తప్పు మీ ఇంట్లో ఉంది, అంటే టీవీలోనో బాక్సులోనో సెట్టింగ్ మార్చాలి. లోగో శుభ్రంగా ఉండి సినిమా మాత్రమే సాగి ఉంటే, చానల్ దగ్గరికి వచ్చేసరికే అది సాగిపోయింది. అప్పుడు టీవీని 4:3కి మారిస్తే లోగో సన్నబడుతుంది, సావిత్రి మాత్రం బాగుపడుతుంది. లోగో పోతే పోనివ్వండి.

నాలుగు వైపులా నలుపొచ్చి బొమ్మ మధ్యలో పోస్టు బిళ్ళంత మిగిలితే, పట్టీలు రెండుసార్లు పడ్డాయన్నమాట. స్కోప్ సినిమాని చానల్ 4:3 డబ్బాలో పెట్టింది, ఆ డబ్బాని మీ టీవీ మళ్ళీ 16:9లో పెట్టింది. మా నాన్న నొక్కిన జూమ్ సరిగ్గా పనికొచ్చేది ఇక్కడే. అప్పుడది కోసేది నలుపునే, బొమ్మని కాదు.

ఇంకోటి. వార్తల్లో కింద పరుగెత్తే అక్షరాల కాళ్ళు తెగిపోతుంటాయి చూడండి. పాత గాజుగొట్టం టీవీల్లో అంచులు నిలకడగా ఉండేవి కావు, అందుకని బొమ్మని కొంచెం పెద్దది చేసి అంచుల్ని చట్రం వెనక దాచేవాళ్ళు. గొట్టం పోయింది, అలవాటు మాత్రం చాలా కొత్త టీవీల్లో మిగిలిపోయింది. మెనూలో 'జస్ట్ స్కాన్' అనో, 'స్క్రీన్ ఫిట్' అనో ఉండేది ఆ అలవాటు మాన్పించడానికే.

ఇవన్నీ రెండు నిమిషాల పనులు. అయినా ఎక్కువ ఇళ్ళల్లో ఎవరూ చెయ్యరు. ఎందుకంటే మనకి నల్లపట్టీ నష్టంలా కనిపిస్తుంది, సాగిన ముఖం కనిపించదు. కొన్న తెరలో పావు వంతు వాడకుండా పోతోందని బాధపడతాం గానీ, తీసిన సినిమాలో పావు వంతు పోతోందని పడం. కంపెనీలకీ ఈ సంగతి తెలుసు. 2019లో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు 'ద సింప్సన్స్' పాత ఎపిసోడ్లని 16:9కి కోసి పెట్టారు. బీరు ఫ్యాక్టరీలో మూడు రకాల బీరూ పైనున్న ఒకే గొట్టంలోంచి వస్తోందన్నది ఒక జోకు. కోతలో ఆ గొట్టం పోయింది, జోకు కూడా పోయింది. అభిమానులు గోల చేస్తే 2020లో 4:3 తిరిగొచ్చింది.

మన దగ్గర పరిస్థితి ఇంకొంచెం సున్నితం. 2010లో 'మాయాబజార్' రంగుల్లో వచ్చినప్పుడు, నలుపు తెలుపుల సినిమాకి రంగులెయ్యొచ్చా అని బోలెడు వాదించుకున్నాం. ఆకారం గురించి అంత పట్టుదలగా ఎవరూ వాదించుకోలేదు. ఇవాళ యూట్యూబ్‌లో పాత తెలుగు సినిమా వెతకండి. సాగదీసినవి కొన్ని, తలలు కోసినవి కొన్ని. ఎంతో మంది కుర్రాళ్ళకి కన్నాంబనీ, నాగయ్యనీ పరిచయం చేస్తున్నది ఆ కాపీలే. నెగెటివ్ భద్రంగా ఉన్న సినిమాకి ఫరవాలేదు, ఎప్పటికైనా మళ్ళీ తీసి సరిచేసుకోవచ్చు. అది లేని సినిమాకి కోసిన కాపీయే రేపటికి అసలు.

*

ఆ సంక్రాంతికే, శశిరేఖని బాగుచేసిన ధైర్యంతో, మా అమ్మా నాన్నల పెళ్ళి వీడియో బయటికి తీశాను. 1988 నాటి పెళ్ళి, రెండు కేసెట్లు. పదమూడేళ్ళ క్రితం ఊళ్ళో ఒక స్టూడియోలో ఇస్తే డిస్కులోకి ఎక్కించి ఇచ్చారు. బూజు పట్టిన కేసెట్లని తర్వాత అమ్మ పారేసింది. ఆ డిస్కు ఎప్పుడు పెట్టినా అమ్మమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయేది. అందులో తాతయ్య ఉన్నాడు. నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఆయన్ని చూసి తట్టుకోలేకపోతోందని అనుకునేవాళ్ళం. నేను మాత్రం ఆ వీడియో చూసి తాతయ్య మంచి దిట్టమైన మనిషనుకుంటూ పెరిగాను.

ఈసారి తెర మీద కలశం కనబడింది. కోడిగుడ్డులా ఉంది.

లాప్‌టాప్‌లో ప్లేయర్ తెరిచి నిష్పత్తి 4:3 అని మార్చాను. మొదటి కేసెట్టు మొత్తం సాగదీసిందే. సాగదీసిన బొమ్మలో చుక్కలన్నీ అలాగే ఉంటాయి, వెనక్కి నొక్కితే యథాస్థానానికి వస్తాయి. కాళ్ళు కడుగుతున్న చోట తాతయ్య ఒక్కసారిగా బక్కపలచని మనిషైపోయాడు. మెడ సన్నగా, చెంపలు లోపలికి పోయి, కండువా భుజం మీద నిలవక జారిపోతూ.

రెండో కేసెట్టుకి ఈ మంత్రం పారలేదు. దాన్ని స్టూడియోవాళ్ళు జూమ్ చేసి ఎక్కించారు. తలంబ్రాల దగ్గర అమ్మ చేతులు కనబడవు. బియ్యం మాత్రం తెర పై అంచు లోంచి ఎక్కడినుంచో రాలుతుంటాయి. పెళ్ళికొడుకు బాసికం సగానికి తెగింది. ఎన్ని బటన్లు నొక్కినా ఆ పైన ఉన్నది రాదు, కేసెట్టు లేదు కాబట్టి. నాన్న కాసేపు తన సగం నుదుటిని చూసుకుని, ఏమీ అనకుండా రిమోట్ నాకిచ్చేశాడు.

వంటింట్లోంచి అమ్మమ్మ ఎప్పుడొచ్చి నిలబడిందో చూడలేదు.

"మొదటిది పెట్టరా" అంది.

పెట్టాను. ఈసారి లోపలికి వెళ్ళలేదు. కుర్చీ జరుపుకుని టీవీకి దగ్గరగా కూర్చుంది. రెండు పక్కలా నల్లపట్టీలు, మధ్యలో తాతయ్య.

"ఇన్నాళ్ళూ ఎవర్నో చూపించార్రా నాకు" అంది. "ఈయన కదూ మీ తాతయ్య."